హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు టెక్సాస్‌లో ఇల్లు, ఓక్లహోమాలో పొలం కొనచ్చా?

మీరు అడిగినవి రెండు. డల్లాస్‌లో ఉంటూ హెచ్‌1బీ మీద ఇల్లు కొనచ్చా అన్నది ఒకటి. ఐదుగురు స్నేహితులు ఎల్‌ఎల్‌సీ (సభ్యుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ) పెట్టి పక్కనే ఓక్లహోమాలో 40 ఎకరాలు తీసుకోవచ్చా అన్నది రెండోది. ఇంటికి అడ్డేమీ లేదు. పొలానికి మాత్రం బయానా ఇవ్వకముందే ఆగండి.

కొన్ని దేశాలవాళ్లు ఇళ్లు, భూములు కొనకుండా ఆపే టెక్సాస్ ఎస్‌బీ 17 చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని మీద వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే భయం చాలా ఎక్కువ. అది చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియాల కోసం పెట్టింది, ఇండియా అందులో లేదు. కొత్త దేశాలను చేర్చే అధికారం గవర్నరుకు ఉంది కాబట్టి క్లోజింగ్‌కు (ఆస్తి మీ చేతికి వచ్చే చివరి సంతకాలకు) ముందు ఒకసారి చూసుకుంటే చాలు. ఫ్లోరిడాలో కొనే మిత్రులుంటే ఒక మాట చెప్పండి. 2023 జులై 1 నుంచి అక్కడ కొనే ప్రతి ఒక్కరితోనూ, అమెరికా పౌరులతో సహా, నిషేధిత కొనుగోలుదారు కాదని అఫిడవిట్ రాయించుకుంటున్నారు. మన పాస్‌పోర్టు చూసి అడుగుతున్నది కాదది.

ఓక్లహోమా సంగతి పూర్తిగా వేరు. అక్కడ దేశాల జాబితాతో పని లేదు. అమెరికా పౌరులు కానివాళ్లు భూమి సొంతం చేసుకోకూడదని ఆ రాష్ట్ర రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లోనే ఉంది. నిజంగా ఓక్లహోమాలో కాపురం ఉండే విదేశీయులకు మాత్రం మినహాయింపు. డల్లాస్‌లో ఉండే మీకు అది వర్తించదు. చట్టంలో ఉన్న మాట ‘పౌరుడు’ కాబట్టి మీలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా అక్కడి లాయర్‌ని అడగకుండా ముందుకు వెళ్లొద్దు.

ఎల్‌ఎల్‌సీ పేరు మీద కొంటే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. గంజాయి తోటల కోసం బినామీ పేర్లతో భూములు కొనేవాళ్లు ఎక్కువై, 2023లో ఆ దారి మూసేశారు. నేరుగానైనా, కంపెనీ ద్వారానైనా, ట్రస్టు ద్వారానైనా కుదరదు. ఆ ఏడాది నవంబరు 1 నుంచి డీడ్‌కు (ఆస్తి బదిలీ పత్రానికి) ఈ నిషేధం తమకు వర్తించదనే అఫిడవిట్ జత చేయకపోతే కౌంటీ క్లర్క్ రికార్డు చేయరు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది మీ ఎల్‌ఎల్‌సీ మేనేజరు. అబద్ధమని తేలితే అతను ఇరుక్కుంటాడు.

ఓక్లహోమాలోనే ఉద్యోగం చేస్తూ ఇల్లు కొన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. రాష్ట్రం వదిలి టెక్సాస్‌కు మారినా, ఇండియా వెళ్లిపోయినా, వెళ్లిన రోజు నుంచి ఐదేళ్లలోపు ఆ ఆస్తి అమ్మేయాలి. అద్దెకిచ్చి అలాగే ఉంచుకుందాం అనుకునేవాళ్లు తరచూ మర్చిపోయేది ఇదే.

అయోవా, మిన్నెసోటాల్లో వ్యవసాయ భూమి మాట ఎత్తకండి, అక్కడ కనీసం గ్రీన్ కార్డు ఉండాలి. దీన్ని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు, మన దగ్గర ఎన్‌ఆర్‌ఐ వ్యవసాయ భూమి కొనడానికి ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా కూడా ఒప్పుకోదు.

40 ఎకరాలే కావాలంటే రెండు రాష్ట్రాల సరిహద్దు నది రెడ్ రివర్‌కు ఇటు, టెక్సాస్ వైపే చూడండి. అక్కడ కూడా కేంద్ర చట్టం ఒకటి ఉంది. పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివాళ్లు 10 ఎకరాలు దాటిన వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోపు ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారం ఇవ్వాలి, ఇచ్చేది ఆ కౌంటీలోని ఎఫ్‌ఎస్‌ఏ (కేంద్ర వ్యవసాయ శాఖ విభాగం) ఆఫీసులో. ఆలస్యమైతే వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున జరిమానా, మొత్తంగా 25 శాతం దాకా వెళ్లచ్చు. ఎల్‌ఎల్‌సీలో ఒక్కరికే 10 శాతం వాటా ఉన్నా ఇది వర్తిస్తుంది. తలా 8 శాతం పెట్టుకుని తప్పించుకుందామన్నా కుదరదు, కలిసి కొంటున్నవాళ్ల వాటాలు కలిపే లెక్కేస్తారు.

కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే గడువు) రాయించుకోండి. ఆ రోజుల్లోనే యాజమాన్య హక్కులు పరిశీలించే టైటిల్ కంపెనీకి ఎల్‌ఎల్‌సీ ఆపరేటింగ్ అగ్రిమెంటు (సభ్యుల మధ్య ఒప్పంద పత్రం), ఒక్కొక్కరి వీసా స్థితి ఇచ్చేయండి. అగ్ వాల్యుయేషన్ (సాగు భూమికి తక్కువ ఆస్తి పన్ను) ఉన్న భూమైతే, వాడకం మార్చితే పడే మూడేళ్ల రోల్‌బ్యాక్ ట్యాక్స్ (వెనకటి పన్ను తేడా) ఎవరు కట్టాలో కూడా ఆ కాంట్రాక్టులోనే తేల్చుకోండి.