మనాలీలో సెలవుల ఇల్లు కొనొచ్చా? చలికాలంలో అక్కడ ఉండగలమా?

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మంచు పడే రోజుల్లో మనాలీలో ఉండేలా ఇల్లు కొనుక్కోవచ్చా అని అడిగారు. ముందు చట్టం సంగతి చూడండి. హిమాచల్ ప్రదేశ్ 1972 నాటి భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ ప్రకారం, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారులు కానివాళ్ళు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. అనంతపురంలోనో చిత్తూరులోనో మీకు పొలం ఉన్నా అది లెక్కలోకి రాదు. ‘అనుమతి మేం చూసుకుంటాం’ అనే బ్రోకరు మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక చలికాలం. మారతహళ్ళి ఫ్లాటుకి తాళం వేసి సంక్రాంతికి ఊరెళ్ళినట్టు ఆ ఇంటికి తాళం వేసి రాలేం. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తాయి, పైపులు పగులుతాయి. పగిలిన సంగతి మంచు కరిగి గోడ తడిసేదాకా తెలియదు. అందుకే బయల్దేరేముందు మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయిలన్నీ తెరిచి, గీజరు, ట్యాంకు ఖాళీ చెయ్యాలి. బాత్రూములో ఫ్లష్ ట్యాంకు చాలామంది మరిచిపోతారు.

వెచ్చదనానికి అక్కడివాళ్ళు పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి వాడతారు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం ఎప్పుడూ పడుకోకండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

పిల్లలకి మనాలీ దగ్గరున్న సోలాంగ్ లోయలో స్కీయింగ్ నేర్పించడమే మీ ఉద్దేశమైతే, నా సలహా అద్దె ఇల్లే. జనవరిలో నెల రోజులు ఉండి చూడండి.