సోలార్ ఆఫర్ వదులుకుని గేట్ రాయాలా?

ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) ఫైనలియర్, సోలార్ కంపెనీ ఉద్యోగం ఆఫర్ చేతిలో ఉంది, కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీలో ఉద్యోగం కోసం దాన్ని వదులుకోవాలా అని అడిగావు. వదలకు తమ్ముడూ. ఆఫర్ ఉంచుకునే ఫిబ్రవరిలో గేట్ రాయి, ఇలాంటి సంస్థలు ఉద్యోగాలకు చూసేది ఆ ఇంజినీరింగ్ పరీక్ష స్కోరే. స్కోరు వస్తే చాలనుకోవద్దు. ఎన్టీపీసీ, కరెంటు లైన్లు చూసే పవర్‌గ్రిడ్ నోటిఫికేషన్ వేసినప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కదా అని ధీమాగా ఉండకు, ఏ ఏడాది స్కోరు తీసుకుంటారో ఆ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. రాష్ట్ర విద్యుత్ ఉత్పత్తి సంస్థ తెలంగాణ జెన్‌కో అయితే 2024లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకు సొంత పరీక్షే పెట్టింది, కానీ వాళ్ల నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడో దేవుడికే తెలియాలి!

సోలార్ కంపెనీలో చేరాక డిజైన్ డెస్క్ కన్నా ప్లాంట్ సైట్‌లో పని ఇమ్మని అడుగు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రిలే (లోపం వస్తే కరెంటు ఆపించే పరికరం) టెస్టింగ్ దగ్గరుండి చూస్తే ఇంటర్వ్యూలో టెన్షన్ ఉండదు. సంతకం పెట్టేముందు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదువుకో.