మిటిగేట్ మీద మోజు

చిరంజీవికి,

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. వాదనలో పట్టుంది. కానీ 'మిటిగేట్' అనే మాట మీద నీకు మోజు పుట్టినట్టుంది. రెండో పేజీలోనే మూడు చోట్ల తగిలింది. రెండు చోట్ల తప్పు, ఒకచోట అనవసరం.

'ది రెయిన్ కంప్లీట్‌లీ మిటిగేటెడ్ ది ఫైర్' అన్నావు. వాన మంటను ఆర్పేసిందని నీ ఉద్దేశం. మిటిగేట్‌కి అంత పని చేతకాదు. దాని వెనకున్న లాటిన్ మాట 'మిటిస్'కి మెత్తనిది, సౌమ్యమైనది అని అర్థం. మిటిగేట్ చేస్తే కీడు ఉంటూనే ఉంటుంది, తీవ్రత తగ్గుతుంది. కోర్టుల్లో 'మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్' అంటారు చూడు, అంటే నేర తీవ్రతను తగ్గించి చూపే పరిస్థితులు, వాటిని చూపించినంత మాత్రాన ముద్దాయి నిర్దోషి అయిపోడు. నేరం నేరమే, శిక్ష తగ్గొచ్చు, అంతే. అందుకే 'కంప్లీట్‌లీ' దాని పక్కన పొసగదు, 'పార్ట్‌లీ' అయితే ఇముడుతుంది. నీ వాక్యానికి మాత్రం 'పుట్ అవుట్' చాలు.

రెండోది, 'ది కాస్ట్ మిటిగేట్స్ అగెనెస్ట్ ది ప్లాన్'. ఇంగ్లీషు ఇంటిభాషైన వాళ్ళు కూడా ఈ పొరపాటు చేస్తుంటారు గనక నిన్ను కోప్పడను. 'అగెనెస్ట్'ని వెంటబెట్టుకుని వచ్చేది 'మిలిటేట్'. సైనికుడు అనే అర్థమున్న లాటిన్ మాటకు అది చుట్టం కాబట్టి ఎదురు నిలవడం దాని స్వభావం. ఖర్చు పథకానికి అడ్డు తగులుతోందంటే అక్కడ ఉండాల్సింది అదే. మిటిగేట్ నేరుగా కర్మను పట్టుకుంటుంది: మిటిగేట్ ది రిస్క్, మిటిగేట్ ది డ్యామేజ్. ఆ కర్మ కూడా చెడ్డదో బాధ పెట్టేదో అయి ఉండాలి. లాభాన్ని మిటిగేట్ చేయరు. మనుషులనూ చేయరు, కొందరి విషయంలో చేస్తే బాగుండుననిపించినా సరే.

మూడోచోట కార్యాలయం స్టేషనరీ వాడకాన్ని మిటిగేట్ చేసిందని రాశావు. 'రెడ్యూస్డ్' అను, పోయేదేం లేదు.

తర్వాతి వ్యాసం వాతావరణ మార్పు మీద అన్నావు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త. ఆ రంగంలో 'మిటిగేషన్' పారిభాషిక పదం. గ్రీన్‌హౌస్ వాయువుల ఉద్గారాలను తగ్గించడం, గాలిలో ఉన్నవాటిని అడవుల వంటివాటితో పీల్చి నిలవ చేయడం దాని కిందికి వస్తాయి. పెరిగే సముద్రానికి అడ్డంగా గోడ కట్టడం, కరవును తట్టుకునే విత్తనం వేయడం 'అడాప్టేషన్', అంటే వచ్చిపడే మార్పుకు తగ్గట్టు సర్దుకోవడం. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ ఈ రెంటినీ వేర్వేరు కార్యబృందాలకు అప్పగించింది: అడాప్టేషన్ రెండో బృందానిది, మిటిగేషన్ మూడో బృందానిది. తమాషా ఏమిటంటే, విపత్తు నిర్వహణ వాళ్ళు అదే గోడను మిటిగేషన్ అంటారు. తలనొప్పే. ఎవరికోసం రాస్తున్నావో వాళ్ళ నివేదికలు నాలుగు చదివి, మాటను వాళ్ళెలా వాడుతున్నారో చూసి రాయి. నిఘంటువు తెరిచినా అర్థం దగ్గర ఆగిపోకు, కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాల్లోనే అసలు సరుకుంటుంది.

'అన్‌మిటిగేటెడ్ డిజాస్టర్' అన్న ప్రయోగం మాత్రం నాకు ముచ్చట. ఏ కోశానా ఊరట లేని ఘోర వైఫల్యమన్నమాట. సమయం వస్తే వాడుకో.

రెండో పేజీ తిరగరాసి పంపు. ఈసారి మిలిటేట్ మీద మోజు పెట్టుకోకు సుమా, ఏడాదికోసారి దాని అవసరం పడితే ఎక్కువ.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి