ముందు టైరు కొలువు, తర్వాత మోటార్ కొను

ఒరేయ్ అల్లుడూ,

నీ ఉత్తరం చదివాను. నీ రిమోట్ కంట్రోల్ బండికి ఏ మోటార్ కొనాలంటూ నాలుగు కేవీ అంకెలు రాశావు గానీ, బండి బరువెంతో, టైరు ఎంతుందో, ఎక్కడ తోలతావో ఒక్క ముక్కా లేదు. కాలు చూడకుండా చెప్పు కొలత ఎలా చెప్పనురా?

కేవీ ఎక్కువుంటే మోటార్‌కి బలమెక్కువని నీ లెక్కలా ఉంది. కాదు. లోడ్ లేనప్పుడు ఒక వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె అది, అంతే. ఒకే సైజు మోటార్లలో కేవీ పెరిగేకొద్దీ ఒక్కో ఆంపియర్‌కి వచ్చే టార్క్ తగ్గుతుంది. రాళ్ల మీద మెల్లగా పాకించే బండయితే కేవీ గొడవే వద్దు, 35 టర్నులో 55 టర్నులో (లోపల చుట్టిన తీగ చుట్ల లెక్క) ఉన్న బ్రష్డ్ మోటార్, అంటే కార్బన్ బ్రష్‌లతో నడిచేది, పెట్టేసుకో.

నీది దుమ్ములో పరిగెత్తే ట్రక్కే అనుకుంటాను. 3300 కేవీ మోటార్‌కి 7.4 వోల్టుల టూ ఎస్ లైపో, అంటే రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ, పెడితే నిమిషానికి 24,420 చుట్లు. మోటార్ తిప్పే పెద్ద గేరు స్పర్‌కి 54 పళ్లు, మోటార్ షాఫ్ట్ మీదుండే చిన్న గేరు పినియన్‌కి 18 ఉంటే నిష్పత్తి 3. లోపలి గేర్లది ఇంకో 2.8 అనుకో, మొత్తం 8.4. చక్రం సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 110 మిల్లీమీటర్లయితే గంటకి 60 కిలోమీటర్లు. ఇది కాగితం మీద మాట, నేల మీద తగ్గుతుంది. మూడు సెల్లుల త్రీ ఎస్ పెడితే ఇదే లెక్క 90కి పోతుంది. కొత్తగా తోలేవాడికి అది దేనికి?

నేను దెబ్బ తిన్నది టైర్ల దగ్గరే. చూడ్డానికి బాగున్నాయని 130 మిల్లీమీటర్లవి ఎక్కించి, పినియన్ జోలికి పోలేదు. టైరు పెరిగితే గేరు పెరిగినట్టే, మోటార్ మీద భారం పెరుగుతుందని అప్పటికి తెలీదు. గడ్డిలో పది నిమిషాలు తిప్పానో లేదో, కాలిన వార్నిష్ వాసన. బాడీ ఎత్తి చూస్తే మోటార్ మీద స్టిక్కర్ అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. 18 పళ్ల పినియన్ తీసి 15 పళ్లది వేసుంటే సరిపోయేది.

అందుకే చిన్న పినియన్‌తో మొదలుపెట్టు. నాలుగైదు నిమిషాలు తోలి మోటార్‌నీ, దాని వేగాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా ఈఎస్‌సీనీ ముట్టుకో. మోటార్ మీద వేలు మూడు సెకన్లు నిలవకపోతే గేరు ఎక్కువైందన్నమాట. థర్మామీటర్ గన్ ఉంటే ఇంకా నయం, 80 డిగ్రీలు దాటనివ్వకు. చల్లగా ఉందనుకుంటే పినియన్‌కి ఒక్క పన్ను పెంచు, మళ్లీ చూడు. ఒకేసారి మూడు పళ్లు పెంచేవాళ్లని చూశాను, వాళ్ల బల్ల మీద కాలిపోయిన మోటార్లూ చూశాను.

కొనేటప్పుడు పిచ్, అంటే గేరు పళ్ల సైజు, చూసుకో. 48 పిచ్ పినియన్ 32 పిచ్ స్పర్‌తో కలవదు, పళ్లు అరిగిపోతాయి. మోటార్ షాఫ్ట్ మందం కూడా కొలుచుకో, 3.17 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 5 మిల్లీమీటర్లవీ ఉంటాయి.

బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య నోటుపుస్తకం కాగితం పీలిక పెట్టి మోటార్‌ని దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, పీలిక లాగెయ్. కాగితం చిరగకుండా, ముడతలు పడి బయటికొస్తే సందు సరిపోయినట్టు. పినియన్ స్క్రూ షాఫ్ట్ మీద చదునుగా ఉన్నచోటే కూర్చోవాలి, దానికో చుక్క థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, వెయ్యి.

టైరు కొలిచి, బండిని బ్యాటరీతో సహా తూచి, స్పర్ పళ్లు లెక్కపెట్టి రాయి. అప్పుడు మోటార్ పేరు చెప్తా.

మీ మావయ్య