ఎపిసోడ్లు అతికిస్తే సినిమా అవుతుందా?

టీవీలో బాగా నడుస్తున్న పిల్లల కార్టూన్‌ని సినిమా చేయాలంటే ఏడెనిమిది ఎపిసోడ్లు కలిపి ఒకే కథలా అతికిస్తే సరిపోదా, క్యారెక్టర్లు ఎలాగూ రెడీగా ఉన్నాయి కదా అని అడిగారు. సరిపోదండి. నేను హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో చాలా ఏళ్ళు స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్‌గా చేశాను, అంటే కథని ముందుగా సీన్ల వారీగా బొమ్మల్లో గీసే పని, టీవీ ఎపిసోడ్లకీ వేశాను, అదే సిరీస్ సినిమా అయినప్పుడు దానికీ వేశాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా.

టీవీ కథ సాధారణంగా 11 నిమిషాలు ఉంటుంది. అందులో ఒక రూల్ ఉంది, మొదట్లో ఊరు ఎలా ఉందో చివర్లో మళ్ళీ అలాగే ఉండాలి, ఎందుకంటే ఛానల్ వాళ్ళు ఏ ఎపిసోడ్‌ని ఏ రోజైనా వేస్తారు, నిన్నటిది చూడని పిల్లాడికి కూడా ఇవాళ్టిది అర్థం కావాలి. అందుకే హీరో ఎప్పటికీ మారడు. మీరు ఇలాంటివి ఎనిమిది కలిపితే వచ్చేది సినిమా కాదు, ఎనిమిదిసార్లు మొదలై ఎనిమిదిసార్లు అయిపోయే కథ. ఇంట్లో అయితే పిల్లలు బొమ్మలతో ఆడుకుంటూ చూసేస్తారు, థియేటర్లో మూడోసారి విలన్ ఓడిపోగానే సీట్ల మధ్య పరుగులు మొదలుపెడతారు.

మన హైదరాబాద్‌లోనే పుట్టిన ఛోటా భీమ్‌నే తీసుకోండి. గ్రీన్ గోల్డ్ స్టూడియో వాళ్ళది, పోగో ఛానల్లో 2008లో మొదలైంది. టీవీలో భీమ్ లడ్డూ తింటాడు, బలం వస్తుంది, దొంగల్ని కొడతాడు, అయిపోయింది. అదే సినిమాలో పదో నిమిషంలో లడ్డూ తింటే మిగతా గంటంతా ఏం చేయాలి? అంటే లడ్డూతో తేలని సమస్య కావాలి, హీరోని ఊరు దాటించాలి. భీమ్‌ని సృష్టించిన రాజీవ్ చిలక 2012 మేలో థియేటర్లలోకి తెచ్చిన 'ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ డామ్యాన్' సినిమాలో కథ భీమ్ ఊరు ఢోలక్‌పూర్ వదిలి సోనాపూర్‌కి వెళ్ళింది కూడా అందుకేనని నా ఉద్దేశం. జపాన్ వాళ్ళు ఈ పని 1980 నుంచి దాదాపు ఏటా చేస్తున్నారు, డోరేమాన్ సినిమాల్లో చూడండి, టీవీలో నోబితాని రోజూ ఏడిపించే జియాన్ సినిమాలో ప్రాణం పెట్టే ఫ్రెండ్ అయిపోతాడు, రోబో పిల్లి డోరేమాన్ ఇచ్చే గ్యాడ్జెట్లు సరిగ్గా అవసరమైనప్పుడే పనిచేయవు. మనుషులు వాళ్ళే, కానీ వాళ్ళలో టీవీ చూపించని వైపు బయటికొస్తుంది. నా లెక్కలో అసలు పని ఇదే, మిగతాదంతా దీని తర్వాతే.

మా సినిమాలో హీరో ఇల్లు వదిలి వెళ్ళిపోయే సీన్ ఒకటి ఉండేది. టీవీ అయితే స్టాక్‌లో, అంటే ముందే గీసి దాచుకున్న వాటిలో ఉన్న వాక్ సైకిల్ (మళ్ళీ మళ్ళీ తిప్పే నడక బొమ్మలు) పెట్టి, వెనక బ్యాక్‌గ్రౌండ్ జరిపి, పైన ఒక డైలాగ్ వేసి నాలుగు సెకన్లలో తేల్చేవాళ్ళం. ఇక్కడ డైరెక్టర్ గారు డైలాగ్ మొత్తం తీసేయమన్నారు. వాడు గుమ్మం దగ్గర ఆగి చెప్పులు తొడుక్కుంటాడు, ఒక చెప్పు ఎక్కదు, వంగి సరిచేసుకుంటాడు, అంతే. ఆ వంగడం స్టాక్‌లో లేదు, ఫ్రేమ్ ఫ్రేమూ కొత్తగా గీయాల్సిందే. ప్రివ్యూలో నా ముందు వరసలో ఒక చిన్న పాప వాళ్ళమ్మని "మళ్ళీ ఇంటికి ఎప్పుడొస్తాడు" అని గట్టిగా అడిగింది, ఆ తర్వాత కూడా ఆగకుండా అడుగుతూనే ఉంది. టీవీ ఎపిసోడ్‌కి ఆ ప్రశ్న రాదు, వస్తాడని ముందే తెలుసు కాబట్టి.

బొమ్మ సంగతికొస్తే, చిన్న స్క్రీన్‌లో కనపడని లోపాలన్నీ పెద్ద తెర మీద బయటపడతాయి, గుంపులో నిలబడ్డవాళ్ళు రెప్ప కూడా వేయకపోతే అక్కడ దొరికిపోతారు. టీవీకి మనం సెకనుకి 25 ఫ్రేములు వాడతాం, థియేటర్‌కి 24, ఫ్రేమ్ వెడల్పు కూడా వేరు, అందుకని పాత బ్యాక్‌గ్రౌండ్లు వాడుకోవచ్చులే అని బడ్జెట్ వేసుకోకండి, చాలావరకు మళ్ళీ వేయాల్సిందే.

ఇంకోటి, మన దగ్గర ఇంటర్వెల్ ఉంటుంది. పాప్‌కార్న్ కోసం బయటికెళ్ళిన పిల్లల్ని మళ్ళీ లోపలికి లాక్కొచ్చేంత ఇబ్బందిలో హీరో ఉండాలి అక్కడ. స్క్రిప్ట్‌లో ముందు ఆ పాయింట్ పెట్టుకుని అటూ ఇటూ రాసుకోండి. ఇక రిలీజ్ అంటే ఎండాకాలం సెలవులే, 2019లో ఛోటా భీమ్ కుంగ్‌ఫూ ధమాకా, 2024లో యానిమేషన్ కాకుండా నిజమైన పిల్లలతో తీసిన డామ్యాన్, రెండూ మేలోనే వచ్చాయి.

మీ దగ్గర సిరీస్ ఉంటే యానిమేషన్ మొదలుపెట్టకముందే మొత్తం సినిమాకి యానిమేటిక్, అంటే స్టోరీబోర్డ్ బొమ్మల్ని గొంతులతో కలిపి వరసగా నడిపే కచ్చా సినిమా, చేసేయండి, పెన్సిల్ బొమ్మలు, మీ వాళ్ళ గొంతులే చాలు. దాన్ని మీ సిరీస్ ఎప్పుడూ చూడని పిల్లలకి ఒక చీకటి గదిలో వేసి చూపించండి, తెరని కాదు, వాళ్ళని చూడండి, ఎక్కడ కదలడం మొదలుపెట్టారో ఆ నిమిషం రాసుకోండి. గీసేశాక తీసేయడం కంటే అప్పుడు తీసేయడం చాలా చవక.