బ్లూ పెన్నీ మ్యూజియంలో చూసింది నకలేనా?
మారిషస్‌లోని పోర్ట్ లూయీ వెళ్లి 1847 నాటి అరుదైన మారిషస్ తపాలా స్టాంపులు చూశాక, అవి నకళ్లని తెలిసి మోసపోయానన్నారు కదా. టెన్షన్ పడకండి, అసలువీ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వెలుతురుకి రంగు వెలిసిపోతుందని వాటి మీద గంటకోసారి సుమారు 10 నిమిషాలే లైటు వేస్తారు. మిగతా టైములో చూపించేది నకళ్లే. మీరు పాపం ఆ టైములో వెళ్లినట్టున్నారు.

ఈసారి టికెట్ కొనేటప్పుడే ఆ టైము అడిగి, కాస్త ముందే అద్దం దగ్గర నిలబడండి. ఒక పెన్నీది నారింజ ఎరుపు, రెండు పెన్నీలది నీలం. విక్టోరియా రాణి బొమ్మకి ఎడమ అంచున ‘పోస్ట్ ఆఫీస్’ అన్న అక్షరాలు చూడండి. 1848 స్టాంపుల్లో అదే చోట ‘పోస్ట్ పెయిడ్’ అని ఉంటుంది. 1847వి ఒక్కో రకం 500 మాత్రమే అచ్చేశారు మరి!

మళ్లీ అంత దూరం కుదరకపోతే, స్టాక్‌హోమ్ తపాలా మ్యూజియంలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.