అవశేషమంటే పనికిరానిదనా?

సందేహం: మా అమ్మాయి పదో తరగతి. జీవశాస్త్రం పుస్తకంలో 'అవశేషావయవాలు' అని ఉంటే, ట్యూషన్ సారు నోట్సులో 'పనికిరాని అవయవాలు' అని రాయించారు. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

సమాధానం: సారు తొందరపడ్డారమ్మా. శేషం అంటే మిగిలినది, అంతే. దాంతో పనుందా లేదా అన్న ఊసు ఆ మాటలో లేదు. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచుకోవద్దన్నారంటే అవి పనికిరానివని కాదు కదా, మళ్లీ పెరిగి మీదికొస్తాయని! కొండచిలువను దగ్గరగా చూస్తే తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్లలాంటివి కనిపిస్తాయి. ఒకప్పటి వెనక కాళ్లలో మిగిలినవి అవే. నడకకు పనికిరావు గానీ, జతకట్టేటప్పుడు మగపాము వాటితో ఆడపామును గీరుతుంది. మన ఉండూకంలో, అదే అపెండిక్స్‌లో, రోగనిరోధక కణజాలం ఉంది.

ఇక నాకిష్టమైన సంగతి. పలకడం మానేసినా రాతలో మిగిలిన అక్షరాలు మాట పుట్టుకను పట్టిస్తాయి, ఈ అవయవాలూ అలాంటివేనని డార్విన్ 1859లోనే రాశాడు. ఆయనకు తెలుగు రాదు గానీ, వచ్చుంటే అరసున్నను (ఁ) వదిలేవాడా? ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. పలుకులో తేడా పోయింది. ఆ అరసున్న ఎక్కడిదో తెలియాలంటే తమిళం 'ఆండు' చూడండి, అక్కడ ముక్కుతో పలికే ధ్వని, అంటే అనునాసికం, నిండుగా ఇంకా ఉంది. అంకెకు అక్కడ 'ఏళు', అందుకే మన అంకెకు అరసున్న లేదు. మూఁడుకు తమిళం 'మూన్ఱు'. తిమింగలానికి వెనక కాళ్లు లేకపోయినా ఒంటి లోపల కటి ఎముకలున్నాయంటే, దాని పూర్వీకులు నేల మీద నడిచారనడానికి అదీ ఇలాంటి సాక్ష్యమే. ఇప్పుడు అరసున్న టైపు చేయమంటే ఆ మీట ఎక్కడుందని అడుగుతారు, పైగా పాత పుస్తకాల్లో అచ్చుతప్పనుకుని దిద్దేస్తారు, ఏం చెప్పను!

తవ్వకాల్లో దొరికేవాటినీ అవశేషాలంటాం, ఆ వాడుకకు ఢోకా లేదు. 'అవశేష అవయవాలు' అని విడదీసి రాసినా నేను తప్పుపట్టను, సంధి చేస్తే చెవికి ఇంపు. 'పనికిరాని' మాత్రం కొట్టేయమనండి. 'పాత పని పోయిన' అని రాస్తే ఒప్పుకుంటానేమో, మార్కులు వేసేవారు ఒప్పుకుంటారో లేదో మరి.